ఖావర్ పూచీ పడిన తీపినిమ్మ

కరామత్ తన అక్కతో వాదులాడి గెలిచిన రోజు నేను ఆ పెరట్లోనే ఉన్నాను. మా కొత్త సంవత్సరం పండగ నౌరూజ్ దగ్గర పడింది. షీరాజ్‌లో ఏ గోడ చూసినా తివాచీలు ఆరుతున్నాయి. మా వీధి ఆడవాళ్లం ఖావర్ తివాచీలు ఉతికి పెట్టడానికి వెళ్లాం. మేము సబ్బు నురగలో మునిగి ఉండగా ఆమె తమ్ముడు కరామత్ గొడ్డలి భుజాన వేసుకొచ్చి తీపినిమ్మ చెట్టు ముందు నిలబడ్డాడు.

గొడ్డలి చూసి ఎవరమూ బెదరలేదు. కాయని చెట్టును నౌరూజ్‌కు ముందొచ్చే ఎస్ఫంద్ నెలలో బెదిరించడం మాకు మామూలే. ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటారు. ఇంకొకరు అడ్డుపడి, ఈ ఏటికి వదిలెయ్, కాస్తుంది, నేను పూచీ అంటారు. చెట్టు వింటుంది, సిగ్గు తెచ్చుకుని కాస్తుంది. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మా అత్తగారి దానిమ్మను దారికి తెచ్చింది గొడ్డలే.

“పక్కకు జరుగక్కా. ఈసారి ఉత్తుత్తి బెదిరింపు కాదు,” అన్నాడు కరామత్.

“ఈ ఏడు వదిలెయ్‌రా. కాస్తుంది. నేను పూచీ,” అంది ఖావర్, ఎప్పటిలాగే.

“పోయినేడూ నువ్వే పూచీ. అంతకు ముందేడూ నువ్వే. ఒక్క కాయ చూపించు, ఈ గొడ్డలి నీ చేతికిచ్చి పోతాను.”

“మీ బావ నాటిన చెట్టురా అది. ఆ చేతి మట్టి కడుక్కున్నాక ఇంకో చెట్టు నాటే ఆయుష్షు లేకపోయింది ఆయనకు.”

“బావ నాటాడని ఎవరు కాదన్నారు? బావ మేకను పెంచి అది పాలివ్వకపోతే ఏం చేసేవాడు, ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడా?”

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఖావర్ ముఖం ఎర్రబడింది.

“నరకడం తప్ప నీకింకేం రాదురా.”

“మాట అన్నాక నరక్కపోతే రేపు ఏ చెట్టు నా మాట వింటుంది? వీధిలో చెట్లన్నీ నన్ను చూసి ఇకిలిస్తాయి. నీ పూచీ చెల్లలేదక్కా. నలుగురిలో అడుగుతున్నా, చెల్లిందని ఒక్కరు చెప్పండి.”

ఎవరమూ చెప్పలేదు. చెల్లలేదు మరి, ఏం చెప్తాం? ఖావర్ మా ముఖాలు వరుసగా చూసింది. తడిచేతులు పావడాకు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. అలా గెలిచాడు కరామత్.

అతని సంగతి కొంచెం చెప్పాలి. ఇళ్లలో పెరటిచెట్లకు కొమ్మలు కత్తిరించడం, మొక్కలు నాటడం అతని పని. చలి విరిగేవేళ గులాబీలు, ద్రాక్షతీగలు. నారింజ పూలన్నీ ఏరుకున్నాక నారింజలు. ఎండలు తగ్గాక కొత్త మొక్కలు. కత్తెరను వాళ్లమ్మ తలగుడ్డలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. అతని చెయ్యి పడిన చెట్టును ఎవరైనా గుర్తుపడతారు, పటాలంలో చేరిన కుర్రాడి తలలా ఉండేది. “గాలి ఆడాలి, ఎండ దూరాలి,” అనేవాడు. ఎవరైనా ఒక కొమ్మ ఉంచమంటే, “క్షౌరం సగం చేసి పంపుతారా ఎక్కడైనా?” అని నవ్వేవాడు. మా గులాబీలు అతని చేతి కింద బాగానే పూసేవి. అది ఒప్పుకోవాలి.

ఆ రోజు తీపినిమ్మ పడిపోయాక కొమ్మలు విడగొట్టడానికి చెట్టు చివరివైపు వెళ్లాడు. వెళ్లినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసిందనుకున్నాను, అప్పుడే గడిచిన ఆ చలికాలమంతా నడుంనొప్పితో మంచం మీదే ఉన్నాడు. కాసేపటికి ఒక రెమ్మ తుంచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెట్టంతా ఎవరో తరుముతున్నట్టు బయటికి ఈడ్చుకుపోయాడు. మేము అతనికి పోసిన టీ అలాగే చల్లారింది.

అప్పటినుంచి మనిషి మారాడు. మళ్లీ ఎవరి చెట్టు మీదా గొడ్డలి ఎత్తలేదు. బెదిరించాలంటే గొడ్డలి ఇంటివాళ్ల చేతికిచ్చి, పూచీ మాత్రం తానే పడేవాడు. “ఏం కరామత్, గొడ్డలి బరువెక్కిందా, నువ్వు సన్నబడ్డావా?” అని ఆడవాళ్లు ఆట పట్టిస్తే నవ్వేవాడు కాదు. నౌరూజ్‌కు చిన్నవాళ్లు పెద్దవాళ్ల గడప తొక్కాలి. అతను ఒక్కగానొక్క అక్క గడప తొక్కలేదు. ఆ ఏడూ లేదు, ఆ తర్వాత ఏ ఏడూ లేదు. ఆమె గుమ్మం ముందు పడకుండా చుట్టు తిరిగి పోయేవాడు. ఖావర్ తక్కువ తిన్నదా? తనంతట తాను పిలవలేదు. బియ్యం కడిగిన నీళ్లు మాత్రం ఆ మోడు పాదులోనే పోస్తూ వచ్చింది.

ఈ ఎస్ఫంద్‌లో మా గులాబీలు కత్తిరించడానికి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

“ముసలివాడివయ్యావు కరామత్. అక్క ముందు పోతుందో నువ్వు ముందు పోతావో. గెలిచినవాడివి, వెళ్లి పలకరిస్తే నీ గెలుపు అరిగిపోతుందా?”

కత్తెర కింద పెట్టాడు. “గెలవలేదు గోహర్ వదినా. ఆ చెట్టు గొడ్డుది కాదు.”

“మరి?”

“తీపినిమ్మ ముందేడు వేసిన రెమ్మల చివర పూస్తుంది. నేను ద్రాక్షతీగకు మల్లే ఏటేటా ఆ చివర్లన్నీ గొరిగేశాను. కాయమని అది ఎలా కాస్తుంది? నా నడుం పడిపోయిన చలికాలం ఒక్కటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నరికాక చూశాను. పైనంతా మొగ్గలే వదినా, నువ్వుగింజల్లా. అక్క పూచీ ఆ ఏడు చెల్లేది.”



“అప్పుడే తలుపు తట్టి చెప్పొచ్చుగా?” అన్నాను.

“అప్పుడే గెలిచాను కదా. మీరంతా చూస్తున్నారు.”

జేబులో పెట్టుకున్న రెమ్మను తడిగుడ్డలో చుట్టి దాచాడట. వసంతం రాగానే తన పెరట్లో పుల్లనారింజ మొక్కకు అంటుకట్టాడట. అది ఈ ఏడు కాసింది. ఇప్పటికీ చెట్టు మీదే ఉన్నాయట కాయలు.

“రుచి ఎలా ఉంది?”

“నా నోటికి పోతాయా అవి?”

“అయితే బుట్టలో పెట్టి ఆమెకు పట్టుకెళ్లు. ఇంకేం కావాలి?”

“కాయలతో వెళ్తే మళ్లీ గెలిచినట్టే ఉంటుంది. ‘చూడక్కా, నీ చెట్టును నేను బతికించా’ అన్నట్టు. ముందు తప్పు చెప్పుకోవాలి. ఒక్కడినే వెళ్తే గుమ్మంలోనే నోరు పడిపోతుంది. నువ్వు తోడు రావాలి వదినా.”

“మాట్లాడి పెట్టమంటావా?”

“మాట్లాడేది నేనే. ఆరోజు నవ్విన ఆడవాళ్లందర్నీ పిలువు. ఆ గొడ్డలి మా గోడకే వేలాడుతోంది, అది పట్టుకుని రా. నేను జరిగిందంతా చెప్పేసి ఆ మోడు పక్కన నిలబడతాను. నువ్వు గొడ్డలి ఎత్తి, ‘వీడు ఇన్నేళ్లూ కాయలేదు, నరికేస్తున్నా’ అను. అక్క అడ్డుపడి పూచీ అంటే, కాయలు తెచ్చిస్తాను.”

“అనకపోతే?”

“అనకపోయినా వెంటనే దించకు వదినా. ఆమెకు కొంచెం టైమివ్వు.”