పుంజుకు టిక్కెట్టు, పాపకు ఉచితం

ములకలపల్లిలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కేటప్పటికి మేం నలుగురం: నేను, మా అత్తమ్మ, ఐదున్నరేళ్ళ నా కూతురు సుజి, గంపలో ఒక కోడిపుంజు. తొంభైల మొదటి రోజులవి. పుంజు సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మాకు పిచ్చి అనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు.

సుజికి మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. రోజంతా పుంజు పక్కన కూర్చుని దాని ఈకలు సవరిస్తుంది. చెవిటి పిల్ల, ఎక్కడో దూరాన చెవిటి పిల్లల హాస్టలుంది, అక్కడికి పంపండి అన్నారు బడి హెడ్మాస్టరు. చెవులు వినపడతాయని డాక్టరు రాసిస్తే తప్ప ఇక్కడ చేర్చుకోరట. దాన్ని హాస్టల్లో వదిలేసి నేను బతకలేను. పెద్ద దవాఖానాలో చూపించే స్తోమతా లేదు. ఖమ్మంలో ఒక ట్రస్టు గదికి నెలకోసారి హైదరాబాదు డాక్టరమ్మ వస్తుందని, ఫీజు పది రూపాయలేనని మా ఊరి నర్సు చెప్పింది. "పిల్ల ఇంట్ల దేంతోని ఆడుకుంటదో అది గూడ పట్టుకపోవాలె" అని మరీ మరీ చెప్పింది. అలా పుంజు బయలుదేరింది.

అది మామూలు పుంజు కాదు. మనవరాలికి మాట వస్తే కోసి పెడతానని అత్తమ్మ ముత్యాలమ్మకు మొక్కిన పుంజు. మాట రాలేదు గానీ పుంజు మాత్రం బాగా బలిసింది.

"పిల్లకు ఏండ్లెన్ని?" అన్నాడు కండక్టరు.

ఐదు నిండితే హాఫ్ టిక్కెట్టు తీయాలి. అయినా "ఐదున్నర" అని నిజమే చెప్పాను. అతనికి నమ్మకం కుదరలేదు. సుజి వైపు వంగి, "నువ్వు చెప్పు బిడ్డా, ఏండ్లెన్ని?" అన్నాడు. సుజి కిటికీ ఊచలు చూసుకుంటోంది.

"దానికి మాటలు రాలేదన్నా."

"మాటలే రాకపాయె, ఐదేండ్లెట్ల నిండినయ్? మాటలొచ్చినంక టిక్కెట్టు తీసుకుందువు తియ్." పుంజుకు మాత్రం లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ఇదేం న్యాయం అంటే, "అది కూస్తది గద" అన్నాడు.

కొత్తగూడెంలో బస్సు మారాలి. వెళ్ళేవాళ్ళు ఇడ్లీ అక్కడే తినండి, తర్వాత దారిలో ఆకలి తీరే చోటు లేదు. ఖమ్మం బస్సులో మా పక్క సీటావిడ సుజిని కాసేపు చూసి, "చిన్నప్పుడు వస పోయలేదా?" అంది.

"పోసిన. దానికి పోస్తూ నేను గూడ నాకిన. నాకే పనిచేసింది" అంది అత్తమ్మ. అది నిజం. ఏన్కూరు దాటేదాకా ఆవిడకు మా ఇంటి సంగతులన్నీ చెబుతూనే ఉంది.

పదకొండింటికి ట్రస్టు గది చేరాం. వరసలో ఉన్న పిల్లలంతా బొమ్మలు, బంతులు పట్టుకొచ్చారు. మా గంప చూసి అటెండరు అడ్డం పడ్డాడు. గంపను వరండాలో పెట్టించి మమ్మల్ని లోపలికి పంపాడు.

డాక్టరమ్మ సుజిని పేరుపెట్టి పిలిచింది. చప్పట్లు కొట్టింది. వెనక నిలబడి పళ్ళెం మోగించింది. సుజి కదల్లేదు. నాకు హాస్టలు గేటు కళ్ళముందు కనిపించింది. అప్పుడు వరండాలో పుంజు చిన్నగా కొక్కొక్కొ అంది. సుజి లేచి తిన్నగా తలుపు దగ్గరికి నడిచింది.

డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. "చెవులు బాగానే ఉన్నట్టున్నాయమ్మా" అని, పక్క గదిలో మిషనుతో కూడా చూపించి ఖాయం చేసింది. తర్వాత పుంజును లోపలికి రప్పించి, సుజితో పాటు నేల మీద కూర్చుని చాలాసేపు ఆడింది, నన్ను ఏవేవో అడిగింది. చివరికి ఆటిజం అంది. ఆ పేరు వినడం అదే మొదలు.

"మందుతో పోయేది కాదు. ఎదిగే తీరే వేరు. మాటలు ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను. దానికి ఇష్టమైన వాటితోనే ఆడుతూ నేర్పండి. ఊళ్ళో బడికే పంపండి" అని కాగితం రాసిచ్చింది. హాస్టలు తప్పిందన్న సంతోషమో, మందు లేదన్న దుఃఖమో, అక్కడే ఏడ్చేశాను.

అత్తమ్మకు మాత్రం తృప్తి కలగలేదు. "రోగం కాదాయె, మందు లేదాయె. గింత దూరం పుంజును చూపియ్యనీకి వచ్చినమా?" అంది.

సాయంత్రం కొత్తగూడెంలో మళ్ళీ పొద్దుటి కండక్టరే. బస్సు కిక్కిరిసి ఉంది. "పుంజును పైకెక్కిస్త, జాగ లేదు" అంటూ గంప ఎత్తాడు. సుజి రెండు చేతులతో గంప పట్టుకుంది.

"వద్దు!"

మేం ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన గొంతు అది. ఏడుస్తూ అత్తమ్మ వైపు తిరిగాను. ఆవిడ కళ్ళూ నీళ్ళతో నిండాయి. సుజిని చూసింది, సుజి వాటేసుకున్న పుంజును చూసింది, ముఖం తిప్పుకుంది.

"అదేం మాట? ఒక్క ముక్క. దీన్ని ముత్యాలమ్మ గూడ లెక్కవట్టది" అంది.

కండక్టరు లెక్కపట్టాడు. గంప కింద పెట్టి, "మాటొచ్చింది గదమ్మా, హాఫ్ టిక్కెట్టు తియ్" అన్నాడు.

నా జన్మలో అంత సంతోషంగా ఏ టిక్కెట్టూ కొనలేదు. అత్తమ్మ మాత్రం పాల్వంచ దాటేదాకా కిటికీలోంచి అడవి వైపు దండాలు పెడుతూ, నాలుగు మాటలు కలిపి చెప్పినప్పుడు చూద్దాం తల్లీ అని ముత్యాలమ్మకు నచ్చజెబుతూనే ఉంది.