తిరగేసి కట్టిన చీర

ధర్మవరంలో మా మగ్గాల వీధికి ఒకరోజు ఫోనుకు మైకు తగిలించుకుని ఒకతను వచ్చాడు. పెనుకొండ పక్క ఒక మండలానికి అధ్యక్షురాలిగా గెలిచిన ఆమె వీడియో చూపించి, ఈ పట్టుచీర మీద నీ మాటేంటవ్వా అని అడిగాడు. అప్పటికే ఆమె నూనె తల మీద, హవాయి చెప్పుల మీద వాళ్ల చానెల్లో వారంగా నవ్వుకుంటున్నారు.

పుట్టినప్పటి నుంచీ మగ్గం పక్కన బతికినదాన్ని, అది తిరగేసి కట్టిన చీరని చూడగానే తెలిసింది. పట్టుచీర పైవైపు ఎండకు వెలిసిపోయినా లోపలివైపు రంగు నిలిచే ఉంటుంది. అందుకే తిరగేసి కడతాం. బుటాల వెనక దారాలు బయటికి కనిపిస్తాయి, అంతే. మా కోడళ్లకు ఆ పొదుపు నేర్పింది నేనే. సిగ్గుపడితే తిట్టిందీ నేనే.

అదే చెప్పి ఊరుకోవాల్సింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నన్ను ఒకరు మాట అడగడం అదే మొదలు. వీధి ఆడవాళ్లంతా మూగి చూస్తున్నారు.

"చీరకు ముందేదో ఎనకేదో తెలీనామె మండలమేం నడిపిస్తాదప్పా?" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి రోజుకు ఆ మాట హిందూపురంలో నా కూతురి ఫోనుకూ చేరింది. అది నవ్వలేదు.

"నువ్వు పెండ్లిండ్లకు కట్టుకు పొయ్యేదీ తిరగేసిన చీరే గదమ్మా. తెలిసీ ఎట్లన్నావు?"



ఆ తర్వాత మండల మీటింగు వీడియో వచ్చింది. ఆమె రెండు పల్లెల తాగునీళ్ల సంగతి ఎత్తుకోగానే, ముందు చీర తిరగేసుకోమ్మా అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు. ఆమె కాగితం మడిచి కూర్చుంది. నీళ్ల మాట ఇంకెవరూ ఎత్తలేదు.

మైకతనికి ఫోను చేయించి, నేనన్నది తప్పు, వచ్చి ఆ మాట కూడా తీసుకో అన్నాను. తప్పయిందంటే ఎవురు చూస్తారవ్వా, ఇంకొకరి మీద ఏమన్నా చెప్పు, వస్తా అన్నాడు.

మళ్లీ మీటింగున్న రోజు కనుక్కుని బస్సెక్కి ఆఫీసుకు పోయాను. ఆమె కొత్త చీరలో ఉంది, మడత గీతలు ఇంకా పోలేదు. ఆ మాటన్న ముసలిదాన్ని నేనే, తెలిసే అన్నాను అని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆ తిరగేసిన చీర వాళ్లమ్మదని మాత్రం చెప్పి, నాకు కుర్చీ వేయించింది. ఇంతలో మీటింగు హాల్లోంచి పిలుపొచ్చింది. నీళ్ల కాగితాలు తీసుకుని పోబోయి, గడప దగ్గర ఆగి నాకు వీపు తిప్పి నిలబడింది.

"అవ్వా, రోంత చూడు. ఎనక సరిగ్గా ఉండాదా?"

అంతా సరిగ్గానే ఉంది. లోపల పిలుస్తూనే ఉన్నారు. నేను ఊఁ అనేదాకా ఆమె గడప దాటలేదు.