మా బావ ఓడ ప్రయాణాలు

మా బావ బిక్షపతికి ఓడల పిచ్చి అని ఉప్పల్‌లో మా చుట్టాలంతా అంటారు. కిడ్నీలు పాడైన మనిషికి ఓడలేంటి, షికార్లేంటి, ఇంటిపట్టున ఉండక అని ఆయన బతికున్నప్పుడూ అన్నారు, పోయాకా అంటున్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఆయన గుమ్మం తొక్కి ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది చెబుతున్నాను.

బావకు నాచారం పారిశ్రామికవాడలో చిన్న లేత్ షెడ్డు ఉండేది. నీళ్ల మోటార్లకు కావలసిన ఇరుసులు, బుష్షులు చేసేవాడు. మా అక్క కౌసల్యను పెళ్లి చేసుకున్నాక నన్ను కూడా ఊరి నుంచి పిలిపించి షెడ్డులో పెట్టుకున్నాడు. ఆ ఇనప రజనుతో నావల్ల కాలేదు. ఉప్పల్‌లో కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్తూ నా కొట్టు ముందు బండి ఆపేవాడు.

“ఏం బామ్మర్ది, ఇయ్యాల ఎవల కడుపు ఖరాబ్ జేస్తున్నవ్?” అని గిరాకీల ముందే అడిగేవాడు.

“నీదే బావా, రా!” అనేవాణ్ని. పడీ పడీ నవ్వేవాడు. ఆయన నవ్వితే రోడ్డు అవతల చెప్పుల షాపులోకి వినిపించేది.

బీపీ ఉందన్న సంగతే ఆయనకు తెలీదు. తలనొప్పి వస్తే గోళీ మింగి లేత్ ముందు నిలబడేవాడు. ఒకరోజు కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. దవాఖానాకు తీసుకెళ్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మిషన్ మీద పడుకోనని మొండికేశాడు. అయితే ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఉందని చెప్పి పొట్టకు సన్నటి గొట్టం అమర్చారు. మందునీళ్ల సంచి పైన తగిలించి ఆ గొట్టంలోంచి కడుపులోకి ఎక్కించాలి. కొన్ని గంటలయ్యాక ఆ నీళ్లు దించేసి మళ్లీ కొత్త సంచి. రోజుకు నాలుగు సంచులు, పండగైనా పబ్బమైనా. చేతులు సరిగ్గా కడుక్కోకపోతే, గదిలో దుమ్ముంటే పొట్టలో చీము పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఆ సంచుల పని మొత్తం అక్క మీద పడింది. షెడ్డు అమ్మేశారు. పిల్లల్లేరు, ఇద్దరే. అక్క ఇంట్లో ఒక గది కడిగి, కిటికీలు మూసి, అందులోకి నన్ను కూడా రానిచ్చేది కాదు. ఉప్పు లేని కూర ఆయనకు వండి తనూ అదే తినేది. నీకేం వచ్చిందే ఉప్పు మానడానికి అంటే, “ఆయన ముంగట నేనెట్ల తింటరా” అనేది.

కిడ్నీ ఇద్దామంటే నా గ్రూపు కలవలేదు. అక్కకు షుగర్, పనికిరాదన్నారు. చనిపోయినవాళ్ల కిడ్నీ దొరికితే పెట్టడానికి ఎదురుచూసేవాళ్ల జాబితాలో పేరు రాయించాం. దవాఖానాలో ఆ వ్యవహారం చూసే బిందుమాధవి గారు ఆయన నంబరూ నా నంబరూ రాసుకుంది. ఎప్పుడు ఫోన్ చేసినా మూడు గంటల్లో దవాఖానాలో ఉండాలి. ఊరు దాటితే ముందే చెప్పాలి, అన్నాళ్లూ పేరు పక్కన పెడతారు.

ఇక చూడండి మా బావ అవస్థ. నాగోల్‌లో మేనకోడలి పెళ్లి జరిగితే ఫోన్ చేతిలో పట్టుకునే అక్షింతలు వేశాడు. భువనగిరి కూడా దాటేవాడు కాదు. రెండుసార్లు ఫోన్ వచ్చింది కూడా. రెండుసార్లూ ఆయన పేరు రెండోది. మొదటివాళ్లకు సరిపోకపోతే నీకు పెడతామని పిలిచి, ఏమీ తిననివ్వకుండా కూర్చోబెట్టి, సాయంత్రానికి ఇంటికి వెళ్లమన్నారు. తప్పు వాళ్లది కాదు, పద్ధతే అది. కానీ రెండోసారి తిరిగొచ్చాక బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంచి పెడతానంటే అక్క చెయ్యి తోసేశాడు. మా కొట్టు ముందు నవ్విన మనిషేనా అనిపించింది. పొట్టలో చీము పట్టి, పది రోజులు దవాఖానాలో ఉండి బయటపడ్డాడు.

అప్పుడే అక్కకు ఓడ ఆలోచన వచ్చింది. ఏఎస్ రావు నగర్‌లో మందుల షాపు పక్కన ట్రావెల్స్ వాళ్ల బోర్డు మీద ఓడ బొమ్మ ఉంటే లోపలికి వెళ్లి కూర్చుంది. చదువు ఏడో తరగతి, సముద్రం చూసిన మొహం కాదు. ఆమె అడిగింది ఒక్కటే, “దినాం రూము మారాల్నా?” అని. అక్కర్లేదమ్మా, ఎక్కినరోజు ఇచ్చిన గదే దిగేదాకా మీది, ఊళ్లే మీ దగ్గరికొస్తాయి అన్నాడట ట్రావెల్స్ ఆయన. అంతే, అక్క ఖాయం చేసేసింది. రైళ్లు, హోటళ్లు అంటే పూటకో గది, పూటకో దుమ్ము. ఒకటే గది అయితే ఒకసారి తుడుచుకుంటే చాలు, సంచులు మంచం కిందికి తోసుకోవచ్చు. ఓడలో డాక్టరు కూడా ఉంటాడు. సంచుల డబ్బాలు రేవు దాకా చేర్చడానికి సంచుల కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు.

“మరి ఫోనొస్తే?” అన్నాను.

“రెండేండ్ల సంది ఆ ఫోన్‌కు కాపలా కాస్తున్నం. మనిషే పోయేటట్టున్నడు. ఫోనొచ్చేదాక మనిషుండాలె గద!” అంది అక్క.

బిందుమాధవి గారికి చెప్పి వెళ్దామంటే బావ ససేమిరా వద్దన్నాడు. పేరు పక్కన పెడితే మళ్లీ కింది నుంచి రావాలేమోనని ఆయన అనుమానం. అలా ఏం ఉండదు బావా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బస్సులో కర్చీఫ్ వేసిన సీటు లేచి వెళ్తే ఉంటుందా అని నన్నే అడిగాడు. ఆయన ఎరిగిన లోకం అది. ఏం చెబుతాం?

మొదటిసారి చెన్నై నుంచి శ్రీలంక దాకా వెళ్లొచ్చారు. చర్లపల్లి స్టేషన్లో దిగినవాణ్ని చూసి నేను గుర్తుపట్టలేదంటే నమ్మండి. మొహం తేటపడింది. ఓడలో గది గోడకు చెవి పెట్టి, ఎక్కడో బేరింగ్ అరుస్తోందని కౌంటర్ దగ్గర చెబితే వాళ్లు ఏసీ రిపేరు మనిషిని పంపారట. అది చెప్పి చెప్పి నవ్వాడు. పొద్దున సంచి దించుకుని పైకెక్కి నీళ్లు చూస్తూ కూర్చునేవాడట. అక్కడ ఆయన రోగి అని ఎవరికీ తెలియదు. ఎంతమంది జాలి మొహాలు తప్పాయో లెక్కపెట్టుకుని మరీ సంతోషించాడు.

అక్క సంగతి వేరే. బూట్లు వేసుకుంది, తంబోలా ఆడింది, ఎవరో ఉత్తరాదివాళ్లతో చేతులూపుతూ మాట్లాడింది. “నేను తిన్న కంచం ఇంకొకళ్లు తీసుకపోయిన్రు తమ్మి” అని ఆశ్చర్యంగా చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే బావ ఆమె మొహమే చూస్తున్నాడు.

ఆ తర్వాత ఏటా వెళ్లారు. నాలుగో ఏడు పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు. కొచ్చి నుంచి సింగపూర్ దాకా, మళ్లీ వెనక్కి, మూడు వారాలు. ఎప్పటిలాగే దవాఖానాలో చెప్పలేదు.

నేను దొండకాయలు వేయిస్తున్నాను. మధ్యాహ్నం గిరాకీ మొదలవుతోంది. ఫోన్ మోగింది.

“బిక్షపతి గారి నంబర్ కలవడం లేదండీ. మీరు వాళ్ల బావమరిదే కదా? కిడ్నీ వచ్చింది. ఈసారి ఆయనే మొదటి పేరు. ఏమీ తినకుండా వెంటనే బయల్దేరమనండి” అంది బిందుమాధవి గారు.

ఆవిడ హలో, హలో అంటోంది.

“ఓడ మీదున్నడు మేడమ్” అన్నాను.

“ఎక్కడా?”

“సముద్రంల.”

“అయ్యో! చెప్పాలి కదండీ మాకు! వెనక్కి రాలేరా?”

“రైలా మేడమ్, గొలుసు గుంజి దిగనీకి!” అని అరిచాను. ఏం పాపం చేసిందని ఆవిడ మీద అరిచానో. వెంటనే బతిమాలుకున్నాను. “మేడమ్, మీ కాళ్లు మొక్కుత. ఒక్కరోజు ఆపున్రి. ఎట్లనన్న రప్పిస్త.”

“అది ఆగేది కాదండీ” అంది. తర్వాతి పేరుకు ఫోన్ చేయాలని పెట్టేసింది.

దొండకాయలు బొగ్గయ్యాయి. ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేశాను. కబురు పంపగలం కానీ ఓడ రేవు చేరడానికి ఇంకా రెండు రోజులు పడుతుందన్నారు. పంపొద్దన్నాను. షట్టర్ దించి లోపల కూర్చుని ఏడ్చాను. ఎవరో తలుపు కొట్టి సాంబారు ఉందా అని అడిగారు.

వాళ్లు తిరిగొచ్చిన మర్నాడు బావ ఒక్కడే కొట్టుకు వచ్చాడు. నల్లబడ్డాడు, హుషారుగా ఉన్నాడు. ఏదో జోకు మొదలుపెడితే ఆపి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. సిలిండర్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

“మొదటి పేరేనా?” అన్నాడు.

“మొదటిదే.”

“పారేయలే గద? ఎవలకన్న పెట్టిన్రా?”

“పెట్టిన్రట.”

“మంచిదే” అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. నేను ఆయన ఏడవడం చూడటం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక స్టవ్ కట్టేశాను.

“మీ అక్కకు జెప్పినవా?”

“లేదు.”

“జెప్పకు. ఓడ ఎక్కుదామన్నది అదే. ఇది దెలిస్తే, నేను వోయినంక దాన్ని బతకనియ్యదు ఆ మాట. ఒట్టు వెయ్యి.”

నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నాడు. మొహం కడుక్కుని, దారిలో అక్కకు మల్లెపూలు కొనుక్కుని వెళ్లాడు.

ఇదంతా అక్కడితో అయిపోతే నేను ఓర్చుకునేవాణ్ని. మరుసటి ఏడు అక్క మళ్లీ ట్రావెల్స్ కాగితాలు తెచ్చింది. బావ సరేనన్నాడు. నాకు కోపం ఆగలేదు. కొట్టు వెనక్కి లాక్కెళ్లి అడిగాను, “సిగ్గుండాలె బావా! మళ్ల ఎట్ల పోతవ్?”

“పోనంటే ఎందుకు పోవని అడుగుతది. ఏం జెప్పాలె?”

ఈసారి దవాఖానాలో చెప్పి, పేరు పక్కన పెట్టించుకుని వెళ్లాడు. అయినా ఆయనకు ఓడ మీద ఒక్క పూట కూడా నిద్ర పట్టలేదట. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. అక్క తెచ్చిన ఫొటోల్లో మాత్రం టోపీ పెట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అక్కకు ఆ ఫొటోలంటే ప్రాణం. అలాంటివి ఇంకో రెండు ప్రయాణాలు చేశాడు మా బావ. ఉప్పల్ వాళ్లు దానికే ఓడల పిచ్చి అని పేరు పెట్టారు.

ఫోన్ మళ్లీ రాలేదు. మొన్న వానాకాలంలో పొట్టలో చీము తిరగబెట్టింది. ఈసారి మందులకు లొంగలేదు.

దినాలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. అక్క సరిగ్గా అన్నం ముట్టడం లేదు. రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేస్తోంది. షుగర్ మనిషి, కళ్లు తిరిగి పడిపోతుందని నా భయం. కొట్టులో నా కళ్లెదుట కూర్చోబెట్టుకుంటే నయమని వెంట తీసుకొచ్చాను. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక స్టూలు మీద కూర్చుని ఆమే మొదలుపెట్టింది.

“తమ్మి, ఒకటడుగుత. నిజం జెప్పు.”

“అడుగక్కా.”

“ఆఖరి ఓడలల్ల ఆయన నిద్రవోయేటోడు కాదు. నేను నిద్రవోయిననుకొని లేచి కూసునేటోడు. ఏందయ్యా అంటే సముద్రం సూస్తున్న అన్నడు. మేం ఓడ మీదున్నప్పుడు నీకు ఎన్నడన్న ఆ ఫోనొచ్చిందా?”

నేను గిన్నెలు సర్దుతున్నాను. చెయ్యి ఆపితే కనిపెడుతుందని ఆపలేదు. పాడు నోరు, ఎవరి మీద పడితే వాళ్ల మీద అరిచే నోరు, అప్పుడు ఎంత మెత్తగా పలికిందో.

“రాలేదక్కా. ఒక్కసారి గూడ రాలే.”

“నిజంగ?”

“నీ మీదొట్టు.”

అక్క చాలాసేపు నన్నే చూసింది. నేనూ చూశాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. “వచ్చుంటే నేనే సంపుకున్నట్టయ్యేది” అంది నెమ్మదిగా.

కొంచెంసేపటికి, “అన్నమున్నదా? ఆకలైతుంది” అంది.

కంచం కడిగి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించాను. తల వంచుకుని గబగబా తినడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి ఇంకో గరిటెడు పప్పు వేశాను.