తవిటమ్మ బోణీ

ఫిషింగ్ హార్బర్లో బోట్లు బయల్దేరాలంటే ముందు ఐసు ఎక్కాలి. ఐసు ఎక్కాలంటే ముందు తవిటమ్మ చెయ్యి తగలాలి. చేపలమ్ముకునే మనిషే గానీ, ఆవిడ గంప తెచ్చి మొదటి దిమ్మ బోణీ చేస్తే తప్ప బోటువాళ్లెవరూ ఐసు ముట్టేవారు కాదు. హస్తవాసి అలాంటిదని నమ్మకం. నుదుట కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. నిండు ముత్తైదువ. మొగుడేడని అడిగే ధైర్యం మాత్రం హార్బర్లో ఎవరికీ లేదు.

తుఫానులో తెప్ప పోయిన ఏడు మొగుడు జగ్గయ్య ఏజెన్సీ కొండల్లో కూలికెళ్లాడు. అక్కడ ఏటికి ఆనకట్ట కట్టి, ఆ నీళ్లను సొరంగంలోంచి కిందికి దూకించి కరెంటు తీసే పని జరుగుతోంది. జగ్గయ్య సొరంగం తవ్వాడు. తిరిగి రాలేదు. వెంట వెళ్లిన ఎల్లారావు ఒక్కడే వచ్చి, ఆవిడ గడపలో కూలబడి ఏడ్చాడు.

"పక్క సొరంగం కప్పు కూలిపోనాది వదినా. లోపల్నుంచి అన్న కేకలినబడ్డాయి. తవ్వి తీత్తే నీళ్లొదిలే రోజు దాటిపోద్దని కంట్రాట్రు సిమెంటు పోయించేశాడు."

ఆ కాంట్రాక్టరు పేరు త్రినాథరావు. తవిటమ్మ వెళ్లి నిలదీస్తే నవ్వాడు మహానుభావుడు.

"అలాంటివాడు మా పనిలోనే లేడు. ఎవత్తెతోనో లేచిపోయుంటాడు, వెతుక్కో."

సాక్ష్యం చెప్పమంటే ఎల్లారావు భయపడి తల వంచేశాడు. అప్పుడు తవిటమ్మ పేటంతా వినేలా ఒట్టేసింది. "అయితే నా మొగుడు బతికే ఉన్నాడు. సచ్చిపోనాడని ఆ త్రినాథరావు నోటితో అనే దాకా నాను బొట్టు తియ్యను." పిచ్చిదైపోయిందన్నారు జనం. పిచ్చి కాదు, పగ. దాన్ని కడుపులో పెట్టుకుని ఏళ్ల తరబడి చేపలమ్మింది.

దొంగసొమ్ము దొరబిడ్డలా తిరుగుతుంది కదా. బాగా బలిసిన త్రినాథరావు ఆఖరికి హార్బర్లోనే ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. ప్రారంభం రోజున దండేసుకుని ఉపన్యాసం దంచాడు. "ఇది నీటి కరెంటు! బొగ్గు కాల్చక్కర్లేదు, నూనె పొయ్యక్కర్లేదు. కొండల మీద వాన పడినంత కాలం తరగదు. ఆ సొరంగంలో నా చెమట కూడా ఉంది!"

జనం చప్పట్లు కొట్టారు. గుంపులో నిలబడ్డ తవిటమ్మ మాత్రం కొట్టలేదు. వాన పడినంత కాలం ఆ నీళ్లు జగ్గయ్య పక్కనుంచి పారుతూనే ఉంటాయి. ఆ కరెంటుతో గడ్డకట్టిన ఐసు వీడు అమ్ముకుంటాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆవిడ కొత్త ఫ్యాక్టరీ గేటులోకి తిరక్కుండా, ఎప్పుడూ బోణీ చేసే పాత ఫ్యాక్టరీకే పోయింది. బోట్లన్నీ ఆవిడ వెనకే పోయాయి. ఆ మర్నాడూ అంతే. త్రినాథరావు ఐసు కరిగి కాలవ కట్టింది. ధర తగ్గించాడు, ఎవరూ రాలేదు. మనిషి చేత చీర పంపితే తిప్పి పంపింది. చివరికి తనే ఎదురొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, నా మీద నీకేం కోపం? ఒక్క బోణీ చెయ్యి."

"సేత్తాను. నా మొగుడు జగ్గయ్య ఏడో సెప్పు."

అప్పుడు గుర్తుపట్టాడు. ఎప్పటి మాట, ఇప్పుడెవడు పట్టించుకుంటాడు, ముసల్దానికి ఒక మాట చెబితే పోయేదేముందనుకున్నాడు. ఆవిడ ఒట్టు సంగతి అతనికి తెలీదు. తెలిసిన బోటువాళ్లు చేతిలో పని వదిలేసి చుట్టూ చేరారు.

"పోయాడమ్మా," అన్నాడు గొణుగుతూ.

"అందరికీ ఇనబడాల."

"సొరంగంలో పోయాడు! లోపలుండగానే నేనే మూయించేశాను! చాలా? ఇంక బోణీ చెయ్యి!"

తవిటమ్మ ఫ్యాక్టరీలోకి నడిచింది. మొదటి దిమ్మ ముందు కూర్చుని అరచేత్తో బొట్టు తుడిచేసింది. రెండు చేతులూ ఆ ఐసుకేసి కొట్టింది. గాజులన్నీ పగిలి, తెల్లటి దిమ్మ మీద రక్తం పారింది.

"ఇదిగో బాబూ, నీ బోణీ."

వెనకనుంచి ఆడాళ్లంతా ఒక్కసారి శోకం ఎత్తుకున్నారు. ముండమోసిన ఐసుని ఏ బోటు ఎక్కించుకుంటుంది? ఆ తర్వాత ఆ గేటు తొక్కినవాడు లేడు. తవిటమ్మ చేతికీ బోణీ యోగం పోయింది. పొద్దున్నే ఎదురొస్తే బోటువాళ్లు మొహం తిప్పుకునేవారు. అదీ ముందే తెలిసి చేసింది.

అయినా మొగుడికి దినం మాత్రం వెంటనే చెయ్యలేదు. ఫ్యాక్టరీకి తాళం పడి, కరెంటువాళ్లొచ్చి స్తంభం మీంచి తీగ కత్తిరించే దాకా ఆగింది. ఆ రోజే జగ్గయ్యకిష్టమైన చేపల పులుసు వండి, ఒడ్డున ఆకేసింది. ఇంకా వడ్డిస్తుండగానే కాకి వచ్చి వాలింది.

"హార్బరు కాకులు గదా వదినా, ఎప్పుడూ ఆకలే," అన్నాడు ఎల్లారావు.

"నోర్ముయ్యరా," అంది తవిటమ్మ. "మీ అన్న తింతన్నాడు."