మా వదిన కడుపు గురించి నాలుగు మాటలు

మా వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను నాచారంలో మా గల్లీ చివర నీళ్ల ట్యాంకర్ దగ్గర నిలబడి ఉన్నాను. "చెల్లే, ఇగ లేదు" అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. నేను ఆస్పత్రికి చేరేలోపే ఆ వార్త మా చుట్టాలందరికీ చేరింది. వార్తతో పాటు కారణం కూడా చేరింది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, ఉప్పల్‌లో అన్న ఇంటి ముందు టెంటు వేసే వేళకు అందరి నోళ్లలోనూ అదే మాట.

"ఒగలది తీసి ఇంకొగల కడుపుల వెట్టిన్రట. గట్ల జేస్తే ఎవలన్న బతుకుతరా?" అంది మాకు చిన్నమ్మ వరుసయ్యే ఒకామె, శవం పక్కనే కూర్చొని.

"ఆడబిడ్డదేనట" అని పక్కనున్నామె అందించింది.

ఆ ఆడబిడ్డను నేనే. వాళ్లకు చేతికందేంత దూరంలో, వదిన కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నాను.

అన్న ముఖం చూసి ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. పోయినవాళ్లను తలచుకునేటప్పుడు గొంతు మెత్తగా ఉండాలంటారు. నా వల్ల కావడం లేదు, చదివేవాళ్లు మన్నించాలి. ఇందులో కొన్ని మాటలు భోజనం ముందు చదవదగినవి కావు. ఆ మాటలు పైకి అనడానికి సిగ్గుపడే కదా మనవాళ్లు ఆమెను ఇంత దూరం తెచ్చారు.

వదిన సూర్యాపేట దిక్కు పిల్ల. మేము ఉప్పల్‌లో పాత కాపురం ఉన్నవాళ్లం. చేన్లు కాలనీలైపోయాక మా అన్న చర్లపల్లిలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఆమె కోడలిగా వచ్చేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. తర్వాత నేను బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టగానే నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. "టీచరమ్మా" అనేది, నవ్వుతూ. ఆమెకొక అలవాటు ఉండేది. ఇంట్లో వస్తువులతో మాట్లాడేది. మొరాయించే మిక్సీని "జర నడువు తల్లీ, గీ ఒక్క చట్నీ అయినంక పండుకుందువు" అని బతిమాలేది. స్కూటర్ స్టార్టు కాకపోతే దాని సీటు మీద చెయ్యి వేసి ఊరడించేది. మేము నవ్వితే ఆమెకు పట్టేది కాదు.

పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక నాచారంలో ఒక మందుల కంపెనీలో పనికి కుదిరింది. మాత్రల పట్టీలను అట్టపెట్టెల్లో పెట్టే పని. ఆ గదిలోకి వెళ్లాలంటే కోటు, టోపీ, కాళ్లకు కవర్లు వేసుకోవాలి. బయటికొస్తే అన్నీ విప్పాలి, మళ్లీ లోపలికి పోవాలంటే మళ్లీ అన్నీ వేసుకోవాలి. ఆ పనిలో ఉండగానే ఆమెకు రోగం మొదలైంది. విరోచనాలు, వాటిలో నెత్తురు, జిగట, ఆగకుండా పిండే నొప్పి. మొలలని ఒకరు, వేడి చేసిందని ఒకరు చెప్పారు. పసర్లు తాగింది. లైన్ సూపర్‌వైజర్ ఒకడు అందరి ముందు, "ఏందమ్మా, పొద్దంత గాడనే ఉంటున్నవ్, జీతం గూడ గాడనే ఇయ్యాల్నా?" అన్నాడు. పక్క బల్లల వాళ్లు నవ్వారు. ఆ మర్నాటి నుంచి పని ఉన్న రోజుల్లో పగలు అన్నం ముట్టడం మానేసింది. నీళ్లు కూడా తాగేది కాదు. కొన్నాళ్లకు ఇక రావద్దన్నారు.

పెద్ద దవాఖానకు తీసుకుపోతే లోపల గొట్టం వేసి చూశారు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన దళమే మన పేగు మీదికి తిరగబడుతుందట. ఆమె చేసిన పాపమేమీ లేదు, తిన్న కారమూ కారణం కాదు. మాత్రలు రాశారు. ముదిరినప్పుడల్లా స్టెరాయిడ్లు ఇచ్చారు. ముఖం ఉబ్బింది. "మంచిగ ఒల్లు జేసినవే" అని చుట్టాలు మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక వదిన నావైపు తిరిగి, "సిగ్గువడాల్సింది నేను గాదు టీచరమ్మా, నవ్వెటోల్లు" అంది. ఆ మాట కంపెనీ గురించి అందో, చుట్టాల గురించి అందో నేను అడగలేదు.

స్టెరాయిడ్ తగ్గించగానే రోగం మళ్లీ తిరగబెట్టేది. అప్పుడు డాక్టరు ఆ వైద్యం సంగతి చెప్పాడు.

"మన పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయమ్మా. మేలు చేసేవీ, కీడు చేసేవీ. ఈ జబ్బులో ఆ సమతూకం చెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని పరీక్షించి, శుద్ధిచేసి, అందులోని జీవుల్ని మీ పేగులోకి పంపిస్తాం. కొందరికి బాగా పనిచేస్తోంది, కొందరికి చెయ్యడం లేదు. ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాం. మాత్రలు మాత్రం ఆపకూడదు."

అన్న తల వంచుకున్నాడు. వదిన మాత్రం తిన్నగా అడిగింది. "ఎవలిది సారూ?"

అన్నకు షుగరు, కనుక పనికిరాడన్నారు. వదిన తమ్ముడు మొదట సరే అన్నాడు, పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. చివరి నిమిషంలో ఫోన్ చేసి, "అక్కా, దోస్తులకు ఎరుకైతే ఇజ్జత్ వోతది" అన్నాడు. నెత్తురివ్వమంటే బోర్డు పట్టుకొని ఫోటో దిగేవాడు. ఒంట్లోంచి రోజూ పారబోసే దాన్ని ఇవ్వమంటే పరువు అడ్డొచ్చింది! నేనిస్తానన్నాను. నెత్తురు, మలం అన్నీ పరీక్షించారు. ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడానా అని గుచ్చి గుచ్చి అడిగారు. కొన్ని వారాల పాటు, వాళ్లు చెప్పిన రోజుల్లో పొద్దున్నే దవాఖానకు వెళ్లి ఇచ్చి, బడికి పోయేదాన్ని. దీనిలో త్యాగమేమీ లేదు. కానీ అంత పనికిమాలినదనుకునేది ఒక మనిషిని లేపి నిలబెట్టడం నా కళ్లతో చూశాను.

మొదటిసారి అయ్యాక మంచం మీద పడుకొని వదిన, "ఇగ నాగ్గూడ నీ లెక్కనే ముక్కు మీద కోపమొస్తదేమో" అంది. నర్సు కూడా నవ్వింది. ఆ గదిలో మాత్రం ఎవరి నవ్వుకూ ముల్లు లేదు.

తిండి సంగతి చెప్పడానికి వేరే ఒక అమ్మాయి ఉండేది. ప్యాకెట్లలో వచ్చే బిస్కెట్లు, చిప్సు, కూల్ డ్రింకులు, బేకరీ సరుకు వద్దంది. మెత్తని అన్నం, ఇంట్లో తోడేసిన పెరుగు, సొరకాయ, బీరకాయ, అరటిపండు తినమంది. ఒంటికి పడుతున్న కొద్దీ ఒక్కొక్కటే చేర్చుకోమంది. "తిండి మందుకు తోడు, మందుకు బదులు కాదు" అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. వదిన కొత్త కూర ఏదైనా వండుకున్న రోజు పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, "ఇయ్యాల పాలకూర. భయపడకు, జరంతనే" అని దానికి చెప్పి తినేది. "కడుపు గూడ మనిషే టీచరమ్మా. దాన్ని బెదిరియ్యొద్దు, దానికి చెప్పి చెయ్యాలె" అనేది.

మెల్లమెల్లగా నెత్తురు ఆగింది. ఆ ఏడాది ఆమెను చూడాల్సింది. దమ్మాయిగూడలో ఒక పెళ్లికి పోతే పంక్తి మధ్యలో కూర్చొని తింది. అంతకుముందు ఏ ఫంక్షన్‌కు పోయినా గుమ్మం పక్కన నిలబడి, అక్షింతలు వేసి వచ్చేసేది. ఉప్పల్ రింగు రోడ్డులో బస్సెక్కి ఒక్కతే పుట్టింటికి పోయి వచ్చింది. దిగగానే నాకు ఫోన్ చేసి, "తొవ్వపొంటి మొత్తం నిద్రవోయిన పిల్లా!" అని అరిచింది. బస్సులో నిద్రపోవడం ఎంత పెద్ద సుఖమో ఆ రోజే నాకు తెలిసింది.

ఇక్కడి నుంచి కలం గట్టిగా పట్టుకొని రాస్తున్నాను. బాధతో కాదు, మంటతో.

నాచారంలో ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారాలు పొద్దున పేగుల శుద్ధి శిబిరం జరుగుతుంది. తెల్ల కుర్తా వేసుకున్న ఒక పెద్దమనిషి మైకు పట్టుకొని మాట్లాడతాడు. మాట తియ్యగా ఉంటుంది. అన్న ఫ్యాక్టరీ దోస్తు ఎవరో చెబితే ఇద్దరూ వెళ్లారు. వదిన కథంతా విని అతడు అన్నాడట: "అమ్మా, మీకు మంచి సూక్ష్మజీవుల్ని పెట్టారు కదా. మరి ఇంకా ఆ మాత్రలెందుకు? వాటిని చంపుకోవడానికా? నా ఆహారం పాటించండి, జబ్బు మూలంతో సహా పోతుంది."

అబద్ధానికి ఎంత తెలివి ఉందో చూడండి. పచ్చి అబద్ధమైతే వదిన నమ్మేది కాదు. ఆమెకు జరిగిన మేలునే ఆమె మీదికి తిప్పాడు. డాక్టరు ఎన్నడూ పూర్తిగా పోతుందని చెప్పలేదు. నిజం చెప్పినవాడి మాట సగం ఆశలా, అబద్ధం చెప్పినవాడి మాట నిండు ఆశలా వినిపించింది. రోజూ గుప్పెడు మాత్రలు మింగే మనిషికి ఇక అక్కర్లేదంటే ఎంత హాయిగా ఉంటుందో ఆరోగ్యంగా ఉన్న మనకేం తెలుసు? నేను ఆమెను తప్పు పట్టను. ఎవరినీ పట్టనివ్వను.

మాత్రలు ఆపేసింది. రసాలు, ఉపవాసాలు, పచ్చికూరలు మొదలుపెట్టింది. మొదట్లో బాగానే ఉంది. అప్పుడే ఆమె చేత వీడియో చేయించాడు. అందులో మా వదిన ఆకుపచ్చ చీర కట్టుకొని, "నాకు మందులు బందైనయి, నేను మంచిగున్న" అని నవ్వుతుంది. ఆ మనిషి ఆమె భుజం వెనక నిలబడి తలాడిస్తుంటాడు. ఈ సంగతి నాకు చెప్పలేదు. చెబితే నేను తిడతానని.

బడి పరీక్షల హడావుడి తీరి నేను వెళ్లేసరికి గోడ పట్టుకొని నడుస్తోంది.

"ఏందొదినా గిట్లైనవ్?"

"విషం బయటికి వోతున్నదట. జర ఓపిక వట్టాల్నట."

"నెత్తురు వడుతున్నదా?"

అవునన్నట్టు తలాడించింది. అన్నను పిలిచి, అప్పటికప్పుడే దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టగానే అతని ముఖం మారిపోయింది. పేగు ఉబ్బి, ఒకచోట చిల్లు పడింది. ఆపరేషన్ చేశారు. విషం ఒంటినిండా పాకింది. అవును, ఆ కుర్తా మనిషి చెప్పిన విషం. అయితే అది బయటికి పోలేదు. లోపలే ఉండిపోయింది.

ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు వదిన నా చెయ్యి పట్టుకుంది. "గా వీడియో తీసెయ్యమను టీచరమ్మా. సూసెటోల్లు నిజమనుకుంటరు" అంది. పిల్లల గురించో, అన్న గురించో చెప్పుకోవాల్సిన గడియలో ముఖం తెలియని మనుషుల గురించి చెప్పింది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

డాక్టరు అన్నకు విడమరిచి చెప్పాడు. ఆ సూక్ష్మజీవుల మార్పిడి జరిగి ఏడాది దాటింది, దానికీ దీనికీ సంబంధం లేదు. మాత్రలు ఆపడం, నెత్తురు పడుతున్నా రాకపోవడం, ఇవే కారణాలు. చిన్నమ్మకు, ఆమె పక్కనామెకు, పాడె మోసి వచ్చి అరుగు మీద అదే పాట పాడినవాళ్లకు నేను చెప్పేది ఇది. మీరు చీదరించుకున్న ఆ వైద్యమే ఆమెకు ఒక ఏడాది బతుకునిచ్చింది. అందరికీ అది పనిచేస్తుందని నేననను, అలా అనడానికి నేను డాక్టరును కాను. కానీ ఆమె ఎందుకు పోయిందో నాకు తెలుసు.

దినాలు అయిపోయాక ఆ మనిషి దగ్గరికి వెళ్లాను. వీడియో తీసెయ్యమని మర్యాదగానే అడిగాను.

"మీ వదినగారు నియమం తప్పారమ్మా. చాటుగా ఏదో తినేసి ఉంటారు" అన్నాడు, నిమ్మరసం తాగుతూ.

ఆదివారం శిబిరానికి వెళ్లాను. హాలు నిండా జనం. అతను ప్రశ్నలున్నాయా అని అడగ్గానే లేచాను. వెనక తెర మీద వదిన వీడియో ఆడుతోంది. "ఆ ఆకుపచ్చ చీరలో ఉన్నది మా వదిన. ఆమె చనిపోయింది. ఈయన మాట విని మాత్రలు ఆపితే పేగుకు చిల్లు పడి చనిపోయింది" అన్నాను. మైకు లేదు. ముప్ఫైమంది పిల్లల గోలలో పాఠం చెప్పే గొంతు నాది, మైకు అక్కర్లేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నన్ను బయటికి నెట్టబోయారు. "చెయ్యి వెయ్యకు. నేనే పోత" అన్నాను. నడుస్తూ కూడా చెబుతూనే ఉన్నాను. కొందరు లేచారు. ఎక్కువమంది కూర్చునే ఉన్నారు. మర్నాడు ఆ వీడియో అతని చానల్లో లేదు. కాపీలు మాత్రం ఎవరెవరి ఫోన్లలోనో ఇంకా తిరుగుతున్నాయి. ఒళ్లు చేసిందని ఆమెను మెచ్చుకున్న చుట్టాల గ్రూపులోనూ ఒకటి చూశాను.

ఆ ఆదివారం నేను హాలు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. పాతికేళ్లు ఉంటాయేమో, పెళ్లయిన పిల్ల. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. వదిన వీడియో సంగతి అడుగుతుందనుకున్నాను. మాత్రల సంగతి అడుగుతుందనుకున్నాను.

"అక్కా, ఈడ దగ్గర్ల బాత్రూం ఏడున్నది? లోపట అత్తమ్మ ముంగట మల్ల మల్ల పోనీకి భయమైతున్నది" అంది, పళ్లు బిగబట్టి.

ఎదురుగా టైర్ల దుకాణం. యజమాని ఏదో అనబోయాడు. నా ముఖం చూసి పక్కకు జరిగాడు. వెనక రేకు తలుపు ఉంది. ఆ పిల్ల లోపలికి పోయింది. ఆమె సంచి, చున్నీ నా చేతిలో ఉన్నాయి. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది, తెర మీద 'అత్తమ్మ' అని వస్తోంది. లోపల నుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. "తొందరేం లేదు బిడ్డా" అన్నాను. "నిదానంగ రా. ఎవ్వలొచ్చినా నేనున్న."