రంగూన్ నుంచి వచ్చిన సాక్ష్యం

మొన్న ఆమదాలవలస స్టేషన్‌లో బండి కోసం కూర్చుని ఉండగా పక్క బల్ల మీంచి ఘాటుగా చుట్ట వాసన వచ్చింది. ఒక ముసలావిడ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. ఆ వాసనకు శ్రీకాకుళంలో కూర్మనాథం గారి వీధి అరుగు, దాని మీద అలాగే చుట్ట కాలుస్తూ కూర్చునే నరసమ్మ గుర్తొచ్చారు. అరవైల చివర, లా ముగించి నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన రోజులవి.

కూర్మనాథం గారు క్రిమినల్ ప్లీడరు. పొడిగా మాట్లాడే మనిషి. పై పరీక్షకు నేను ఎంచుకున్న విషయం దేశాల మధ్య నేర విచారణ. ఒక దేశంలో నేరం చేసి పక్క దేశం చేరినవాణ్ని ఎవరు విచారించాలి, అక్కడి సాక్ష్యం ఇక్కడ ఎలా చెల్లుతుంది అన్నది దాని సారం. "గట్టు తగాదాలు చూసుకోక నీకు బర్మా, సిలోను ఎందుకయ్యా?" అని తోటి ప్లీడర్లు నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వలేదు. సాయంత్రాలు నాచేత ఒక అధ్యాయం చదివించి, "ఇప్పుడు పుస్తకం మూసి, కక్షిదారుకు అర్థమయ్యేటట్టు చెప్పు" అనేవారు.

కోటబొమ్మాళి అవతలి తీరం నుంచి నరసమ్మ వచ్చింది అప్పుడే. అంతకు నాలుగైదేళ్ల ముందు మనవాళ్లు బర్మా విడిచి వచ్చేసినప్పుడు పిల్లలతో ఓడ దిగిన మనిషి. రంగూన్‌లో బియ్యం మిల్లు దగ్గర ఆమె భర్తను అప్పన్న అనే తోటి కూలీ పొడిచి చంపి పారిపోయాడు. వాణ్ని ఇప్పుడు నరసన్నపేట బజారులో చూసింది. పరాయి దేశంలో జరిగినదానితో తమకు పనిలేదని పోలీసులు పంపేశారట.

"సముద్రం దాటొచ్చేత్తే సంపిన పాపం కడుక్కుపోతాదేటి బాబూ?" అంది.

"పోదమ్మా," అని ఆయన నా వైపు తిరిగారు. "ఎందుకు పోదో చెప్పవయ్యా."

మన పౌరుడు బయట చేసిన నేరాన్ని, ప్రభుత్వం అనుమతిస్తే, వాడు దొరికిన చోటి కోర్టే విచారించవచ్చని చెప్పాను. ఆమె సగమే నమ్మింది. "మా తమ్ముళ్లు కత్తులు నూరతన్నారు," అంది.

"నూరనీ. వాడనివ్వకు," అన్నారాయన.

అనుమతి రావడానికే చాలాకాలం పట్టింది. అప్పన్నను పట్టుకున్నారు. కోర్టులో సర్కారు ప్లీడరుకు తోడుగా నరసమ్మ తరఫున కూర్మనాథం గారు నిలబడ్డారు. జరిగింది కళ్లారా చూసిన బర్మా మనిషి ఒకామె, మిల్లు ఎదుట టీకొట్టు నడిపేది. ఆమె వాఙ్మూలాన్ని రంగూన్ కోర్టు నమోదు చేసి, ముద్ర వేసి పంపింది. బర్మా భాషలో ఉన్న ఆ కాగితాలను తెలుగు చెయ్యడానికి రంగూన్‌లో బడి నడిపి వచ్చిన సత్యం మాస్టారిని కోర్టు నియమించింది. నరసమ్మ మీద జాలితో ఆయన తన తెలుగు ప్రతిని ముందుగా మా ఆఫీసుకే తెచ్చారు. కూర్మనాథం గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

"అసలు ఇంత పొడుగుంటే మీది పొట్టిగా ఉందేం మాస్టారూ?"

మాస్టారు గొంతు తగ్గించారు. "ఒక ముక్క ఒగ్గేసినాను బాబూ. ముందు కర్ర ఎత్తినోడు ఈయమ్మ మొగుడేనని ఉన్నాది. ఇక్కడ ఎవులికి తెలుస్తాది?"

నాకూ అది సబబుగానే తోచింది. కూర్మనాథం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరో మనకు తెలియని జడ్జి, మన ముఖం చూడకుండా, మనల్ని నమ్మి ఇది పంపాడు. ఆ ముక్క రాయండి మాస్టారూ. ఆవిడకు నేను చెబుతాను."

మర్నాడు అరుగు మీద చెప్పారు. నరసమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"నువ్వు నా పక్కనున్నావా, ఆడి పక్కనున్నావా?"

"నీ పక్కనే అమ్మా. అందుకే కోర్టులో వినేముందు నీకు చెబుతున్నాను."

ఆమె చుట్ట నుసిని అరుగు అంచున రాల్చింది. "మా ఆయన సెయ్యి దురుసే. నాకు తెల్దేటి. సదివించు. సంపింది ఆడేనని కూడా గట్టిగా సదివించు."

చదివించారు. అప్పన్నకు హత్య కింద శిక్ష పడలేదు. అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో చంపాడని తేల్చి కొన్నేళ్ల జైలు వేశారు. కోర్టు వరండాలో నరసమ్మ, "ఇంతేనా?" అంది. "ఇంతేనమ్మా," అన్నారాయన. ఆమె బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. "ఆవిడ కోపం న్యాయమైనదే," అన్నారు కూర్మనాథం గారు ఆ సాయంత్రం. తర్వాత మామూలుగా అధ్యాయం చదవమన్నారు.

కూర్మనాథం గారు పోయి చాలా ఏళ్లయింది. నేను ప్రాసిక్యూటరుగా పనిచేసి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటున్నాను. ఎక్కడినుంచి ఏ సాక్ష్యం వచ్చినా ముందు మా వైపుకు గుచ్చుకునే వాక్యం ఏదో వెతుకుతాను. కక్షిదారును పిలిచి, దాన్ని నేనే చదివి వినిపిస్తాను. ఆ క్షణంలో వాళ్ల ముఖంలోకి చూడటం మాత్రం నాకింకా అలవాటు కాలేదు.