రెడ్ లైట్ దగ్గర గుర్రుమన్న బండి

మా అత్తమ్మకి నా డ్రైవింగ్ మీద నమ్మకం పోయింది హాంబర్గ్‌లో ఒక రెడ్ లైట్ దగ్గర.

నేను బ్రేక్ మీద కాలేసి బుద్ధిగా ఆగి ఉన్నాను. ఒక ముసలామె చక్రాల నడకబండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. సరిగ్గా ఆమె మా బానెట్ ముందుకి వచ్చేసరికి ఇంజన్ గుర్రుమంది. మీటర్లో ముల్లు లేచింది, పడింది, మళ్లీ లేచింది. ముసలామె ఆగి చూసిన చూపుకి నేను సీట్లో కుంచించుకుపోయాను.

"పోనియ్యి బిడ్డా, పెద్దామె. గంత కోపమెందుకు?" అంది వెనక నుంచి అత్తమ్మ.

"నేను తొక్కుతలేనత్తమ్మా! బండే రేజ్ అయితుంది!"

"మరి గంత గట్టిగ ఒర్రుతున్నవెందుకు?"

పక్క సీట్లో మా ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. నవ్వుతోందని భుజాలు చెప్తున్నాయి.

అత్తమ్మ కూతురి కాన్పుకని వరంగల్ నుంచి వచ్చింది. మా ఆవిడకి ఎనిమిదో నెల. నా కోపం సంగతి అత్తమ్మకి పెళ్లిలోనే తెలిసింది, ఫొటోగ్రాఫర్‌తో గొడవ పెట్టుకున్నప్పుడు. అందుకే ఆ గుర్రు నాదేనని తేల్చేసింది. ఇంటికి రాగానే, "నొప్పులొస్తె టాక్సీ పిలుద్దాం. నా బిడ్డను నీ బండిల ఎక్కియ్య," అంది. గొంతు పెంచలేదు, అన్నం వడ్డిస్తూ అంది. అదే ఎక్కువ తగిలింది. నా భార్యని ఆస్పత్రికి నేను కాక ఇంకెవరు తీసుకెళ్తారు?

ఫోన్ తీశాను. పార్కింగ్‌లో బండి స్టార్ట్ చేసి, సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని వీడియో తీశాను. నా కాళ్లు, ఖాళీ పెడల్స్, దానంతటదే ఊగుతున్న ముల్లు, అన్నీ కనిపించేలా. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చూసింది.

"ఈ కాలంల ఫోన్ల ఏదన్న చూపిస్తరు," అని ఫోన్ తిరిగిచ్చేసింది.

గ్యారేజీలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అడిగితే వచ్చే నెల రమ్మన్నారు. వాళ్ల మీద అరిచాను. అరవడానికి సరిపడా జర్మన్ నాకు రాదు, మధ్యలో తెలుగు పడింది.

శనివారం బానెట్ నేనే ఎత్తాను. విమానాల కంపెనీలో ఇంజనీరైన మా ఆవిడ శాలువా కప్పుకుని వచ్చింది. "ఇంజన్ ఆన్‌ల ఉంచు. ఫోన్ లోపల పెట్టు. నోరు గూడ ముయ్యి," అంది. వంగలేక వంగి చెవి పెట్టింది. ఉస్సుమని ఎక్కడో గాలి పీలుస్తున్న చప్పుడు. సన్నటి రబ్బరు గొట్టం మీద ఒకచోట వేలు అదిమింది. ఇంజన్ నిమ్మళించింది. వేలు తీసింది. గుర్రుమంది.

"బొక్క పడ్డది. లెక్కల లేని గాలి ఇందులకెళ్లి లోపలికి పోతుంది. కంప్యూటర్‌కు సమజ్ గాక స్పీడు ఎక్కిస్తది, దించుతది. అచ్చం నీ లెక్కనే."

బొక్క చుట్టూ సూదుల్లాంటి పంటి గాట్లు. బ్యాటరీ పక్కన గుడ్డు పెంకులు. కింది ఇంటి జర్మన్ పెద్దాయన తొంగిచూసి, "మార్డర్!" అన్నాడు, పాత శత్రువు దొరికినంత సంతోషంగా. ముంగిసలాంటి జంతువట. వెచ్చటి ఇంజన్లలో దూరి రబ్బరు కొరుకుతుందట. గుడ్లంటే ప్రాణమట. ఈ వీధిలో దానికి గుడ్లెక్కడివో మాత్రం ఆయనకీ అర్థం కాలేదు.

నేను ఇదంతా తెలుగులో చెప్తుంటే, అప్పుడే కిందికి దిగొచ్చిన అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే పెట్టిన బిడ్డా."

"ఏం పెట్టినవ్ అత్తమ్మా?"

"గుడ్డు. ఎవల కండ్లు పడ్డయో అని, వచ్చినకాంచి ప్రతి ఆదివారం బండికి దిష్టి తీస్తున్న. రోడ్డు మీద పలగ్గొడితె ఇక్కడ ఊకోరని నువ్వే అంటివి. అందుకే టైరు కాడ పెట్టిన. తెల్లారేసరికి మాయమైతుండె. దిష్టి పోయిందనుకున్న."

అరుద్దామని నోరు తెరిచాను. ఆమె చీర మీద నా పాత జాకెట్ తొడుక్కుని, సాక్సుల మీద చెప్పులేసుకుని నిలబడి ఉంది. ఆ వేషంలో, ఈ ఊరి గాలివానల్లో, మా బండి చుట్టూ గుడ్డు పట్టుకుని తిరిగిందన్నమాట. నవ్వాగలేదు. "నవ్వియ్యకు, లోపల బిడ్డ తంతుంది," అని మా ఆవిడ పొట్ట పట్టుకుంది.

కొత్త గొట్టం తెప్పించి వేశాక, అత్తమ్మ తనే వచ్చి బండిలో కూర్చుంది. సిగ్నల్ దగ్గర ముల్లు కదల్లేదు. పచ్చలైట్ పడీ పడకముందే వెనకవాడు హారన్ కొట్టాడు. నేను వాణ్ని తిట్టిన తిట్టుకి అత్తమ్మ, "ఈ గుర్రు మాత్రం నీదే," అంది.

మర్నాడు అత్తమ్మ, కాన్పప్పుడు ఆస్పత్రికని ముందే సర్దిపెట్టిన బట్టల సంచి మోసుకుంటూ కిందికి వచ్చింది.

"డిక్కీ తియ్యి."

"టాక్సీ అన్నవ్ గదా?"

"టాక్సోనికి నా బిడ్డ మీద ఏం పాణముంటది? తియ్యి జల్ది, చలి పెడుతుంది."